మటన్ పడని మనిషి ఇంట్లో ఉంటే చిప్స్ ప్యాకెట్ ఎలా చదవాలి

మా తమ్ముడు అమెరికాలో, ఆర్కన్సాలో, ఆరేళ్ళు ఉద్యోగం చేసి పోయినేడాది మా ఊరు పర్లాకిమిడి (ఆంధ్రా సరిహద్దులో ఉన్న ఒడిశా ఊరు) వచ్చేశాడు. సూట్‌కేసులతో పాటు ఒక అలర్జీ కూడా వెంట తెచ్చుకున్నాడు. దాని పేరు ఆల్ఫా-గాల్ సిండ్రోమ్. ఇక్కడ ఎవరికి చెప్పినా "మటన్ పడదా, అయితే మానెయ్యమను, దానికంత కథేటి" అంటారు. మటన్ మానడం ఒక్క రోజు పని. చిరుతిండి ప్యాకెట్లే మమ్మల్ని ఆర్నెల్లు తిప్పలు పెట్టాయి. ఆ ఆర్నెల్లలో నేర్చుకున్నది ఇక్కడ వరసగా రాస్తున్నాను, ఇంకొకరికి పనికొస్తుందని.

ముందు సంగతేంటో రెండు ముక్కల్లో. పిడుదు ఉంటుంది కదా, ఆవుల చెవుల్లో పట్టుకుని ఉంటుంది, కొందరు గోమారి అంటారు. అమెరికాలో లోన్ స్టార్ అనే జాతి పిడుదు మనుషుల్నీ కుడుతుంది. అది కుట్టాక కొందరి ఒళ్ళు ఆల్ఫా-గాల్ అనే ఒక చక్కెరను శత్రువుగా చూడటం మొదలుపెడుతుంది. మేక, గొర్రె, ఆవు, పంది, జింక, కుందేలు, అంటే పాలిచ్చి పిల్లల్ని పెంచే జంతువులన్నిటి ఒంట్లోనూ ఆ చక్కెర ఉంటుంది (మనుషులకూ మన చెట్ల మీది కోతులకూ మాత్రం ఉండదు, అదో విచిత్రం). కోడి, చేప, రొయ్య, గుడ్డులో ఉండదు. 2008లో సెటుక్సిమాబ్ అనే కాన్సర్ మందు ఎక్కించినప్పుడు కొందరికి తీవ్రమైన రియాక్షన్ ఎందుకొస్తోందని వెతికితే ఈ చక్కెర దొరికింది. మాంసం తిన్న కొన్ని గంటల తర్వాత వచ్చే దద్దుర్లకూ ఇదే కారణమని 2009లో వర్జీనియా యూనివర్సిటీ వాళ్ళు రాశారు. 2010 నుంచి అమెరికాలో నాలుగున్నర లక్షల మంది దాకా దీని బారిన పడి ఉండొచ్చని అక్కడి సీడీసీ అనే ప్రభుత్వ ఆరోగ్య సంస్థ 2023లో అంచనా వేసింది. మన దగ్గర మాత్రం పేరు కూడా వినని డాక్టర్లే ఎక్కువ. అందుకే ప్యాకెట్ మనమే చదువుకోవాలి.

వాడు వచ్చిన రెండో వారంలోనే మా మేనల్లుడి పుట్టినరోజు. పిల్లలకి పంచిన కవర్లలో తెల్లగా, గులాబీగా, దూదిలా మెత్తగా ఉండే మార్ష్‌మెల్లోలు ఉన్నాయి. "చక్కెరే కదా" అనుకుని సాయంత్రం ఏడింటికి వాడూ నాలుగు నోట్లో వేసుకున్నాడు. రాత్రి పదకొండున్నరకి అరిచేతులు మండుతున్నాయని లేచాడు. పన్నెండయ్యేసరికి వీపంతా దద్దుర్లు, పెదవులు వాపు. ఏడింటి మార్ష్‌మెల్లో ఎవరికి గుర్తొస్తుంది? రాత్రి భోజనంలో చేపల పులుసు తిన్నాడు కాబట్టి అందరం దాన్నే తిట్టాం. మర్నాడు పొద్దున చెత్తబుట్టలోంచి కవరు తీసి చూస్తే పదార్థాల్లో నాలుగోది జెలటిన్, అంటే ఎక్కువగా పంది, ఆవుల తోలు, ఎముకల నుంచి తీసే జిగురులాంటిది. ఈ అలర్జీతో వచ్చే చిక్కే అది. తిన్న రెండు గంటల నుంచి ఆరు గంటల దాకా ఎప్పుడైనా బయటపడుతుంది, ఈలోగా మనిషి ఇంకో నాలుగు తినేసి ఉంటాడు.

మొదట మీ మనిషి హద్దు తెలుసుకోండి

ఈ అలర్జీ ఉన్నవాళ్ళందరికీ ఒకే హద్దు ఉండదు. కొందరు మాంసం, కొవ్వు, జెలటిన్ మానేస్తే చాలు, పాలు హాయిగా తాగుతారు. కొందరికి పాలు కూడా పడవు, ముఖ్యంగా ఐస్‌క్రీమ్, మీగడలాంటి కొవ్వెక్కువ ఉన్నవి. మా వాడికి టీలో పాలు పర్వాలేదు, కోవా పడదు. ఇంకొందరికి దద్దుర్లే రావు, అర్ధరాత్రి కడుపునొప్పి, విరేచనాలతో సరి. అందుకని గ్యాస్ అనుకుని ఏళ్ళ తరబడి మాత్రలు మింగుతారు. అనుమానం ఉంటే ఆల్ఫా-గాల్ ఐజీఈ అనే రక్తపరీక్ష ఉంది, దాన్ని మీ లక్షణాలతో కలిపి చూసి చెప్పాల్సింది అలర్జీ డాక్టరు. పాలు తాగొచ్చో లేదో కూడా ఆ డాక్టరే చెప్పాలి, నేను చెప్పకూడదు. ఇంట్లో ఒక కాగితం మీద మాత్రం మూడు వరసలు రాసి పెట్టుకోండి: అస్సలు పడనివి, తేలనివి, పడేవి. ఇక ఏ ప్యాకెట్ చూసినా ఆ కాగితంతోనే సరిపోల్చుకోవడం.

పచ్చచుక్క ఏం చెబుతుంది, ఏం దాస్తుంది

మన దేశంలో ఇది పెద్ద వరం, నిజంగానే. ఆర్కన్సాలో ఇలాంటి చుక్క లేక ప్రతి కవరూ పదినిమిషాలు చదివేవాడినని తమ్ముడు అంటాడు. ఇక్కడ పచ్చ చదరంలో పచ్చచుక్క ఉంటే అందులో మాంసం, జంతువుల కొవ్వు, జెలటిన్, గుడ్డు ఉండకూడదు. మార్ష్‌మెల్లో లాంటివన్నీ ఈ ఒక్క చూపుతో వడకట్టేయొచ్చు.

కానీ శాకాహారం లెక్కలో పాలు, పాల పదార్థాలు, తేనె ఉన్నా పచ్చచుక్కే వేస్తారు. అంటే పాలు పడనివాళ్ళకి పచ్చచుక్క సగం మాటే చెబుతుంది. వే పౌడర్ (పాలు విరిగాక మిగిలే నీటి పొడి), చీజ్ పౌడర్, నెయ్యి, అన్నీ పచ్చచుక్క కిందకే వస్తాయి.

గోధుమ రంగు చదరంలో త్రిభుజం ఉంటే మాంసాహారం. ఇదివరకు అక్కడా చుక్కే ఉండేది, 2020 లేబులింగ్ నిబంధనలతో త్రిభుజం చేశారు, రంగులు సరిగా గుర్తుపట్టలేనివాళ్ళకి కూడా తేడా తెలిసేలా. ఈ త్రిభుజం కనిపించగానే కవరు విసిరేయనక్కర్లేదు, గుడ్డు వేసిన కేకుకీ, చేప వేసినదానికీ అదే గుర్తు. మా వాడికి గుడ్డు, కోడి పడతాయి కాబట్టి త్రిభుజం ఉంటే "ఏ జంతువు?" అని అడుగుతాం. జవాబు జాబితాలో దొరికితే సరే, దొరక్కపోతే కొట్టువాడికే తిరిగిచ్చేస్తాం. ఇక్కడ ఒక ఉచ్చు ఉంది: చికెన్ సాసేజ్. లోపల కోడే, పైనున్న తొడుగు పందిదో ఆవుదో అయి ఉండొచ్చు. కేసింగ్ (ఆ తొడుగే), కొల్లాజెన్ (జంతువుల తోలులాంటివాటి నుంచి తీసేది) అన్న మాటలు కనిపిస్తే ఏ జంతువుదో తేలేదాకా ముట్టుకోవద్దు.

పూర్తిగా మొక్కల సరుకని తెలిపే వీగన్ గుర్తు కూడా 2022 నుంచి వచ్చింది, పచ్చటి వీ అక్షరం మీద చిన్న ఆకు. పాలు పడనివాళ్ళు దాని కోసం చూడండి, కానీ మన సరిహద్దు ఊళ్ళ కొట్లలో అది కనిపించేది తక్కువ.

జాబితాను కింద నుంచి పైకి చదవండి

అందరూ పై నుంచి మొదలుపెడతారు. బంగాళదుంప, పామోలిన్ నూనె, మసాలా అని మూడు మాటలు చూసి "ఓకే" అనేస్తారు. పదార్థాలను బరువు ఎక్కువ ఉన్నదాని నుంచి తక్కువకి రాస్తారు కాబట్టి, మనల్ని ముంచేవి ఎప్పుడూ చివర్లోనే ఉంటాయి. నేను కింద నుంచి చదువుతాను.

నిన్న పొద్దున మా వీధి కొట్లో తెచ్చిన క్రీమ్-ఉల్లి రుచి చిప్స్ పది రూపాయల ప్యాకెట్ చూపిస్తాను. పచ్చచుక్క ఉంది. ఒకవైపు ఒడియా, ఒకవైపు ఇంగ్లీషు. (ఇక్కడి కొట్లలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన సరుకు మీద తెలుగు, బరంపురం వైపు నుంచి వచ్చినదాని మీద ఒడియా ఉంటాయి. ఏ సరుకైనా వివరాలు ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ తప్పనిసరిగా ఉండాలి, కాబట్టి ఆ వైపు తిప్పుకోండి, ప్రాంతీయ భాష వైపు ఒక్కోసారి సగమే ఉంటుంది.) అక్షరాలు చీమ తలకాయలంత. ఫోన్‌తో ఫొటో తీసి వేళ్ళతో పెద్దది చేశాను. అడుగున లావు అక్షరాల్లో "పాలు ఉన్నాయి" అని అలర్జీ సూచన. దాని పైన మసాలా, బ్రాకెట్‌లో చక్కెర, ఉప్పు, పాల ఘనపదార్థాలు, ఉల్లి పొడి, ఇంకా రుచి పెంచే 627, 631 (ఇలాంటి అంకెలు కలిపిన రసాయనాల కోడ్ నంబర్లు). బంగాళదుంప, నూనె ఆ పైన. మా వాడి కాగితం ప్రకారం ఇది "తేలనిది". రెండు ముక్కలు తిన్నాడు, మిగతాది నేను తిన్నాను.

ఆ అలర్జీ సూచన గురించి ఒక మాట. చట్టం తప్పనిసరి చేసినవి గోధుమలాంటి గ్లూటెన్ ధాన్యాలు, రొయ్య-పీత జాతి, పాలు, గుడ్లు, చేప, వేరుశెనగ, జీడిపప్పు-బాదం లాంటి పప్పులు, సోయా, సల్ఫైట్. మేక, పంది, ఆవు మాంసాలు ఆ పట్టికలో లేవు. కాబట్టి పాలు ఉన్నాయో లేవో చెప్పడానికి ఆ గడి అక్కరకొస్తుంది, జెలటిన్ గురించి ఒక్క ముక్క చెప్పదు. గడి చూసి "అలర్జీ ఏదీ రాయలేదు, తినెయ్" అనడమే ఇంట్లో పెద్దవాళ్ళు చేసే తప్పు. మా నాన్నగారు ఇప్పటికీ చేస్తారు.

ఇంకోటి. మసాలా మిశ్రమంలాంటిది మొత్తం సరుకులో 5 శాతం కంటే తక్కువుంటే దానిలో ఏమేం కలిపారో విడివిడిగా రాయనక్కర్లేదని నిబంధన మినహాయింపు ఇస్తుంది, కలిపిన రసాయనాలను తప్ప. పచ్చచుక్క ఉంటే ఇది మరీ కంగారు పడాల్సింది కాదు, త్రిభుజం ఉంటే మాత్రం ఉత్త "మసాలా" అన్న మాటను నమ్మకండి.

పాలు పడనివాళ్ళు గుర్తుపెట్టుకోవాల్సిన మాటలు: వే, కేసిన్, కేసినేట్, లాక్టోజ్, మిల్క్ సాలిడ్స్, బటర్, క్రీమ్, చీజ్, ఖోవా, పెరుగు పొడి, నెయ్యి. త్రిభుజం ఉన్నవాటిలో వెతకాల్సినవి: జెలటిన్, లార్డ్ అంటే పంది కొవ్వు, టాలో అంటే ఆవు, గొర్రెల కొవ్వు, బీఫ్ ఎక్స్‌ట్రాక్ట్, కొల్లాజెన్, ఎముకల పులుసు పొడి. జెలటిన్ చేపది కూడా ఉంటుంది, అలాంటప్పుడు చేపది అని రాసి ఉంటేనే నమ్ముతాం. వనస్పతి చూసి భయపడకండి, అది మొక్కల నూనెదే.

అంకెల సంగతి

వాట్సాప్‌లో ఏళ్ళుగా తిరుగుతోంది, "631 అంటే పంది కొవ్వు" అని. 631 కొవ్వే కాదు, రుచి పెంచే ఒక ఉప్పులాంటిది. దాన్ని మాంసం నుంచీ చేపల నుంచీ తీయొచ్చు, పిండిపదార్థాన్ని పులియబెట్టీ తయారుచేయొచ్చు. పచ్చచుక్క ఉన్న ప్యాకెట్‌లో అది జంతువుది కాకూడదు. 627, 635 కూడా అదే వరస. అమెరికా నుంచి వచ్చిన ప్యాకెట్ అయితే, మాంసం రుచి ఉన్నదైతే, అప్పుడు అనుమానించండి.

471, 472 అనేవి కొవ్వుల నుంచి చేసినవి, బిస్కెట్లు, బ్రెడ్, ఐస్‌క్రీముల్లో వేస్తారు. జంతువుల కొవ్వు నుంచీ తయారవుతాయి, పామాయిల్ నుంచీ తయారవుతాయి. పచ్చచుక్క ఉంటే పర్వాలేదు, త్రిభుజమో విదేశీ సరుకో అయితే అడగాలి. 470, 570 కూడా అంతే. 441 అని గానీ 428 అని గానీ కనిపిస్తే అది జెలటిన్. 542 ఎముకల నుంచి తీసింది. 120 పురుగుల నుంచి తీసిన ఎర్ర రంగు, 904 లక్క, ఇవి పురుగులకు సంబంధించినవి, శాకాహారులకు అభ్యంతరం ఉండొచ్చు గానీ ఈ అలర్జీకి సంబంధం లేదు.

ఇక 407. దీన్ని విడిగా చెప్పాలి. క్యారజీనన్ అంటారు, సముద్రంలో పెరిగే ఎర్ర నాచు నుంచి తీస్తారు. నాచు కదా అని పచ్చచుక్క వేస్తారు, వీగన్ గుర్తు కూడా వేస్తారు, తప్పేం లేదు. కానీ ఆల్ఫా-గాల్ చక్కెర దానిలోనూ ఉంటుంది, ఈ అలర్జీ ఉన్నవాళ్ళలో కొందరికి అది పడదు. పిల్లల జెల్లీ కప్పులు, డబ్బాల్లో వచ్చే చాక్లెట్ పాలు, కొన్ని ఐస్‌క్రీములు, వీటి మీద 407 చూడండి. పచ్చచుక్క ఉన్న వస్తువు తిని కూడా రాత్రి దద్దుర్లొస్తే పాలు, 407, ఈ రెండిట్నే ముందు పట్టుకోండి.

చిన్న చాక్లెట్, విడి సరుకు

రూపాయి చాక్లెట్ మీద జాబితా ఉండదు. 100 చదరపు సెంటీమీటర్లు మించని చిన్న కవర్లకి ఆ మినహాయింపు ఉంది, జాబితా వాటిని ఉంచిన పెద్ద సీసా మీదో పెట్టె మీదో ఉంటుంది. కొట్టువాణ్ణి "బాబాయ్, ఆ సీసా ఒకసారి ఇవ్వవా" అని అడగండి. నవ్వుతాడు, ఇస్తాడు.

విడిగా తూచి ఇచ్చే మిక్చర్, కారప్పూస, ఖాజాల దగ్గర చదవడానికేం లేదు, అడగడమే. ఒడియా మిఠాయి కొట్లో "ఏథిరె ఘిఅ అఛి కి" (ఇందులో నెయ్యి ఉందా) అని ఒక్క మాట నేర్చుకుంటే చాలు, పని జరుగుతుంది. ఛెనా పోడ (విరిగిన పాలతో కాల్చి చేసే ఒడియా మిఠాయి), రసగుల్లా పాలతో చేసేవే, వాటిని అడగనక్కర్లేదు. బేకరీలో మటన్ పఫ్, ఎగ్ పఫ్ ఒకే ట్రేలో పక్కపక్కనే ఉంటాయి, ఒకే పట్టకారుతో తీస్తారు, అందుకే మేం బేకరీలో పఫ్‌లు పూర్తిగా మానేశాం. బరంపురం అప్పడాలు, పలాస జీడిపప్పు, మరమరాలు, ఇంట్లో నూనెలో వేయించిన చేగోడీలు. సాయంత్రం టీకి ఇంకేం కావాలి అనిపిస్తుంది నాకైతే, వాడు మాత్రం చిప్స్ అంటాడు.

సూట్‌కేసులో వచ్చిన సరుకు

అమెరికా నుంచో దుబాయ్ నుంచో చుట్టాలు తెచ్చే చాక్లెట్లు, గమ్మీలు, నూడుల్స్ మీద మన చుక్క ఉండదు. "నేచురల్ ఫ్లేవర్" అన్న మాట కింద అమెరికాలో మాంసం నుంచి తీసిన రుచి కూడా రావొచ్చు. హలాల్ అని ఉంటే పంది లేదనే అర్థం, ఆవు జెలటిన్ ఉండొచ్చు. గమ్మీలు అయితే జెలటిన్ ఉందనుకునే చూడండి, పెక్టిన్ అని రాసి ఉంటే అది పండ్ల తొక్కలది, దానితో భయం లేదు. ఇదే చూపు మందుల మీద కూడా పెట్టండి, విటమిన్ మాత్రల మెత్తటి గుళికలు చాలావరకు జెలటిన్‌వే. మందుల షాపులో చెప్పి, డాక్టరుతో మార్పించుకోండి, సొంతంగా మానేయొద్దు.

కంపెనీకి రాయడం

ప్యాకెట్ మీద వినియోగదారుల ఫోను, మెయిలు తప్పనిసరిగా ఉంటాయి. "ఇది వెజ్జా నాన్‌వెజ్జా" అని రాస్తే "మా ఉత్పత్తికి పచ్చ గుర్తు ఉంది" అని ఒక వరస జవాబు పడేస్తారు. ప్రశ్న సూటిగా ఉండాలి. నేను ఇలా రాస్తాను: "మా ఇంట్లో ఒకరికి ఆవు, మేక, పంది పదార్థాల అలర్జీ ఉంది. ఈ బ్యాచ్ నంబరు ప్యాకెట్‌లో 471 దేని నుంచి తయారైంది, మసాలాలో పాల పొడి ఉందా, ఇదే యంత్రం మీద జెలటిన్ ఉన్న సరుకు చేస్తారా?" మూడే ప్రశ్నలు. ఫొటో జతచేస్తాను. సగం మంది జవాబివ్వరు. ఇవ్వనివాళ్ళ సరుకు కొనం.

కొత్తది రుచి చూసే రోజు

కొత్త ప్యాకెట్ రాత్రి పూట తెరవకండి. అర్ధరాత్రి దద్దుర్లొస్తే ఆసుపత్రికి పరుగెత్తడం ఎంత కష్టమో మాకు తెలుసు. పొద్దున పదిగంటలకి, కొంచెమే, ఒక్కటే కొత్తది. ఆ పూట మద్యం తాగకూడదు, నొప్పి మాత్రలు వేసుకోకూడదు, పొలంలో బాగా చెమటపట్టే పని చేయకూడదు, ఇవన్నీ రియాక్షన్‌ని పెంచుతాయి. ఇదివరకు ఊపిరి ఆడని స్థాయి రియాక్షన్ వచ్చినవాళ్ళు ఇంట్లో ఈ ప్రయోగమే చేయొద్దు, డాక్టరు ముందే. ఒక నోట్‌బుక్‌లో తేదీ, తిన్న టైము, కవరు వెనక ముక్క కత్తిరించి అతికించడం, ఆరుగంటల దాకా ఏం జరిగిందో రాయడం. మా నోట్‌బుక్ ఇప్పుడు చిప్స్ వాసన కొడుతుంది.

దద్దుర్లతో పాటు ఆయాసం, గొంతు బిగుసుకోవడం, తల తిరగడం, ఆగని వాంతులు, వీటిలో ఏదున్నా సెట్రిజిన్ వేసి పడుకోబెట్టకండి. అప్పుడు కావాల్సింది అడ్రినలిన్ ఇంజెక్షన్, తొడ కండరంలో. 108కి చేయండి, ఒడిశాలోనూ ఆంధ్రాలోనూ అదే నంబరు. కాకపోతే సరిహద్దు కదా, మా ఫోన్లు ఒక్కోసారి ఆంధ్రా వైపున్న పాతపట్నం టవర్ పట్టుకుంటాయి, కాల్ అటు పోతుంది, అందుకే ఊరు, జిల్లా, రాష్ట్రం పేర్లు మొదటే చెప్పండి. ఆసుపత్రిలో "మాంసం అలర్జీ, తిన్న గంటల తర్వాత వస్తుంది" అని కాగితం మీద రాసి చూపించండి, నోటితో చెబితే ఎవరూ వినరు. పిడుదులు మళ్ళీ కుడితే అలర్జీ ముదురుతుంది కాబట్టి జీడితోటలోకి వెళ్ళినప్పుడు పంచె కట్టడు, నిండు ప్యాంటు, సాక్సు, ఇంటికి రాగానే ఒళ్ళంతా చూసుకోవడం.

చివరగా, ఒకసారి పాస్ చేసిన ప్యాకెట్‌ని జీవితాంతం నమ్మకండి. ఎనిమిది నెలలు మా వాడు తిన్న ఒక బిస్కెట్ మీద పోయిన నెల మూలన "కొత్త రుచి" అని చిన్న పసుపు చుక్క వచ్చింది. వాడే చూశాడు. "అప్పా, రంగు మారింది చూడు" అని తిప్పితే జాబితా అడుగున బటర్ చేరి ఉంది, ఇదివరకు లేదు. నోట్‌బుక్‌లో ఆ పేజీ కొట్టేసి, పక్కన తేదీ వేసి, కొత్త కవరు ముక్క అతికించాం.